ఎన్నింటికి భయపడాలి? ఒక కొండ నడక ప్రాజెక్టు డైరీ

నవంబరు 2, ఆదివారం

ఇది ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి.

పోయిన ఫిబ్రవరిలో నేను, తమ్ముడు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు కలిసి కొండవీడు వెళ్లాం. బండ్లు ఒకచోట పెట్టేసి, కోటగోడ వెంబడి నడుస్తూ నడుస్తూ ఒక గుట్ట దాటేశాం. తిరిగొచ్చేటప్పుడు వచ్చిన దారే అనుకుని పక్క కాలిబాట పట్టాం. అది పోయి పోయి సీతాఫలం పొదల్లో ఆగిపోయింది. నలుగురికీ కలిపి అర లీటరు నీళ్లు మిగిలాయి. నా ఫోన్‌లో 11 శాతం చార్జింగ్. ఆరుంబావుకి పొద్దు గుంకింది. ఇంకో ఇరవై నిమిషాలకి మా కాళ్లు మాకే కనిపించలేదు. కూర్చుని జారుతూ, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గుంటూరు చేరేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మేం వెళ్లింది ఏ కొండకో కూడా ఆవిడకి తెలీదు. "ఈ చుట్టుపక్కల ఎన్ని కొండలున్నాయే? ఏ కొండ కింద నిలబడి పిలవను?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను అరండల్‌పేటలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. రోజంతా ఎవరికో ఒకరికి జాగ్రత్తలు చెబుతూనే ఉంటాను. అలాంటిదాన్ని మా ఇంటి మనుషుల్ని అంత నిర్లక్ష్యంగా కొండ ఎక్కించాను. కొండలంటే నాకు ప్రాణం, మానను. కానీ ఈసారి నేర్చుకుని వెళ్తాను.

లక్ష్యం: జనవరి మొదటి వారానికల్లా బ్యాగు భుజాన వేసుకుని ఒక పూర్తి పగలు కొండ మీద నడిచి, వెలుతురు ఉండగానే సొంతంగా కిందికి దిగగలగాలి. ఆరుబయట ఒక రాత్రి గడపగలగాలి. నల్లమల మాట ఆ తర్వాతే. అది పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి, వాళ్ల మనిషి తోడు లేకుండా అడుగు పెట్టకూడని చోటు.

మనుషులం నలుగురం: నేను, తమ్ముడు, పెదనాన్నగారి అబ్బాయి అన్నయ్య, వదిన. నలుగురికి తగ్గకూడదని పట్టుబట్టింది నేనే. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు సాయానికి వెళ్లాలి. ఒంటరిగా ఎవరూ మిగలకూడదు.

నవంబరు 5

మొదటి పని బ్యాగు కాదు, కాగితం. ఎక్కడికి వెళ్తున్నాం, ఏ వైపు నుంచి ఎక్కుతాం, ఎవరెవరం, బండి ఎక్కడ పెడతాం, బండి నంబరు, ఎవరు ఏ రంగు చొక్కా, ఎప్పటికి తిరిగొస్తాం అన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి అమ్మకి ఇచ్చాను. చివర "చీకటి పడేలోపు వచ్చేస్తాం" అని రాశాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది. చివరి లైను మీద వేలు పెట్టింది.

"చీకటి పడేలోపంటే నేను ఎన్నింటికి భయపడాలమ్మా?"

నా దగ్గర సమాధానం లేదు. అమ్మ వేళాకోళంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నర దాకా, ఫిబ్రవరిలో ఆవిడ మూడున్నర గంటలు భయపడింది. అది భయపడాల్సిన టైమో కాదో చెప్పేవాళ్లు లేక.

కాగితం మళ్లీ రాశాను. ఇప్పుడు అందులో రెండు టైములున్నాయి. మొదటిది, మేం ఫోన్ చేస్తామనుకునే టైము. రెండోది గడువు. మొదటిది దాటితే కంగారు పడక్కర్లేదు, సిగ్నల్ ఉండకపోవచ్చు, కాలు నొప్పెట్టి నెమ్మదిగా దిగుతుండొచ్చు. గడువు దాటితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. "ఇంకాసేపు చూద్దాం" అనుకోకూడదు. ఇది అమ్మకి రెండుసార్లు చెప్పాను. మాకు మేం చెప్పుకున్నది ఇంకోటి: కిందికి రాగానే ముందు అమ్మకి ఫోన్, ఆ తర్వాతే టీ. మేం క్షేమంగా దిగి ఫోన్ చేయడం మర్చిపోతే ఎంతమంది పోలీసులు, ఫారెస్టు వాళ్లు రాత్రంతా కొండ మీద తిరగాలి?

కాగితం వంటింటి క్యాలెండరు పక్కన అంటించాం.

నవంబరు 9, ఆదివారం

ఇవాళ బ్యాగులు. అన్నయ్య మిర్చి వ్యాపారం చేస్తాడు, గోడౌన్లో కాటా ఉంది. నా బ్యాగు కొక్కేనికి తగిలిస్తే 14 కిలోల 200. నా బరువు 54. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తమ బరువులో అయిదో వంతు మించి మోయకూడదన్నది నడిచేవాళ్లందరూ పాటించే లెక్క, ఒక్క పగటి నడకకైతే పదో వంతు చాలు. అంటే రాత్రి బసతో కలిపినా నాకు పదకొండు కిలోల లోపే ఉండాలి.

నేల మీద బరకం పరిచి మొత్తం దిమ్మరించాం. మిరపకాయలు ఆరబోసే బరకమే. ఈ ప్రాజెక్టులో దానంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. కింద పరుచుకోవచ్చు, వానొస్తే పైన కట్టుకోవచ్చు, అవసరమైతే మనిషిని మోయొచ్చు. రెండు జీన్స్ ప్యాంట్లు తీసేశాం. జీన్స్ తడిస్తే ఆరదు, తడి గుడ్డ ఒంటి వేడిని లాగేస్తుంది. స్టీలు క్యారేజీ, పెద్ద తువ్వాలు, రెండో జత చెప్పులు, అరకిలో పేస్టు డబ్బా, తమ్ముడి బ్లూటూత్ స్పీకరు అన్నీ బయటికి. స్పీకరు విషయంలో వాడికి నాకు మాటా మాటా వచ్చింది. అడవిలో చెవులు ఖాళీగా ఉండాలి. తేనెటీగల రొద గానీ ఎండుటాకుల మీద పాకిన చప్పుడు గానీ వినపడాలంటే పాట ఉండకూడదు. వాడు ఒప్పుకున్నాడు.

తీసేయకూడనివి కొన్ని ఉన్నాయి. అమెరికాలో సియాటిల్‌కి చెందిన పర్వతారోహకుల క్లబ్బు 1930ల నుంచే "పది ముఖ్యమైనవి" అని కొత్తవాళ్లకి నేర్పుతూ వస్తోంది: మ్యాపు–దిక్సూచి, లైటు, ఎండ నుంచి రక్షణ, మందులు, కత్తి, నిప్పు, నీడకి పట్టా, అదనంగా తిండి, అదనంగా నీళ్లు, అదనంగా బట్టలు. నేను మన ఎండకి తగ్గట్టు ఆ వరసని తిప్పాను. నీళ్లు మొదటికొచ్చాయి. నిప్పు చివరికి పోయింది. మన కొండల్లో చాలావరకు రిజర్వు ఫారెస్టు, ఎండిన బోద గడ్డి, ఒక్క అగ్గిపుల్ల చాలు. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, ప్రాణం మీదికి వస్తే తప్ప తీయం.

తిండికి పల్లీపట్టీలు, అటుకులు, సున్నుండలు. వండక్కర్లేదు, పాడవ్వవు. వేరుశనగలో నూరు గ్రాములకి 560 క్యాలరీల పైనే ఉంటుంది. తక్కువ బరువుతో చాలా బలమిస్తుంది. పులిహోర మాత్రం మొదటి పూటకే.

చివరి తూకం: 10 కిలోల 600.

నవంబరు 16

ఇవాళ బయల్దేరాల్సింది. పొద్దున్నే పడమట మబ్బు పట్టి ఉరిమింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాను, 18 సెకన్లు. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున ఆరు కిలోమీటర్ల దూరం. ముప్ఫై సెకన్ల లోపుంటే పిడుగు మన దాకా రాగలదని లెక్క. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా ఆరుబయటికి వెళ్లకూడదు. కొండకొమ్ము, ఒంటరి తాటిచెట్టు, నీళ్ల పక్కన, ఈ మూడు చోట్లా అస్సలు నిలబడకూడదు. ప్రయాణం మానేశాం. అమ్మ కాగితం మీద అడ్డగీత కొట్టింది.

నవంబరు 23, ఆదివారం. మొదటి నడక

కొండవీడు. ఫోన్ లెక్క ప్రకారం పోనూ రానూ 6 కిలోమీటర్లు, ఎక్కిన ఎత్తు అంతా కలిపి 300 మీటర్లు.

నడక టైముకి ఒక పాత సూత్రం ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పింది: అయిదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ లెక్కన మాకు గంటా నలభై రెండు నిమిషాలు పట్టాలి. పట్టింది రెండు గంటల యాభై నిమిషాలు. స్కాట్లాండ్ చలిలో, అలవాటైన కాళ్లకి వేసిన లెక్క అది. మా కాళ్లకి, గుంటూరు ఎండకి ఒకటిన్నర రెట్లు దాటింది. ఇక నుంచి సూత్రం ప్రకారం వచ్చిన టైముని 1.7తో గుణిస్తాను. ఆ 1.7 మాకు దొరకడమే ఇవాళ్టి లాభం.

పదకొండున్నరకి రాతి బండల మీద తమ్ముడు తలనొప్పన్నాడు. పిక్కలు పట్టేశాయి. ముఖం పాలిపోయింది, చెమట ధారలు కడుతోంది. నవంబరు కదా, చల్లగా ఉంటుందిలే అనుకున్నాం. బండకి వేసవి, శీతాకాలం తేడా పెద్దగా తెలీదు. వాణ్ని నీడకి చేర్చి, కాళ్ల కింద బ్యాగు పెట్టి, తుండు తడిపి మెడ మీద వేశాం. ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించాం. పావుగంటలో మాట తేటపడింది. మాట తడబడినా, మనిషి తికమక పడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు ముందు ఒంటి మీద నీళ్లు పోసి చల్లబరచాలి, విసరాలి, ఆ తర్వాతే మోసుకెళ్లడం. 108 వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి. తికమకలో ఉన్న మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఓఆర్ఎస్ గురించి నా కౌంటరు దగ్గర మాట ఒకటి రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ప్యాకెట్‌లో ఉండేది 20.5 గ్రాములు: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఒక ప్యాకెట్‌ని సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం వంపేస్తే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు జరుగుతుంది. తియ్యటి డ్రింకులు అదే పని చేయవు. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూన్లు కొలిచి, పైన చదును చేసి వెయ్యాలి.

నలుగురం కలిసి పది లీటర్లు తాగాం. ఇంటికొచ్చేసరికి మిగిలింది లీటరున్నర. ఆ లీటరున్నర చూస్తే నాకు ధైర్యంగా అనిపించింది. కొండ మీద చెరువులున్నాయి, రెడ్డిరాజుల కాలం నాటి చెరువులు. కానీ నిలవనీరు తాగాలంటే కళపెళా ఒక నిమిషం మరగాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. మా అమ్మమ్మ బురదనీళ్లు తేరడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. నీళ్లు అద్దంలా తేరేవి. తేరడం వేరు, క్రిములు చావడం వేరు. తేరిన నీళ్లని కూడా మరిగించాల్సిందే.

వదినకి మడమ దగ్గర బూటు కరిచింది. మంటగా ఉందని ముందే చెప్పి ఉంటే ప్లాస్టరు వేసేవాళ్లం. ఇక నుంచి ఎవరికి మంట మొదలైనా అందరం ఆగాలి.

నవంబరు 30. పాములు

దీనికి ఆదివారం మొత్తం కేటాయించాం. ఇల్లు కదల్లేదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లో వాళ్లు. ఎక్కువ రాష్ట్రాల కంటే మన రాష్ట్రంలో ఈ భారం ఎక్కువ. కొండ నడిచేవాళ్ల కంటే పొలంలో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఉండే ముప్పు. అందుకే ఇవాళ నేర్చుకున్నది అన్నయ్య తన గోడౌన్ కూలీలకి కూడా చెబుతానన్నాడు.

పేర్లు నాలుగు గుర్తుపెట్టుకోవాలి: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారు చేసింది. కాబట్టి ఏ పామో తెలుసుకోవడానికి దాని వెంట పడక్కర్లేదు, చంపి పట్టుకెళ్లక్కర్లేదు. విరుగుడు కిట్‌లో పెట్టుకునే మందు కాదు. అది ఒంటికి పడక ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది, ఆసుపత్రిలోనే ఎక్కించాలి. అంటే మన చేతిలో ఉన్న అసలు మందు టైము ఒక్కటే.

తాడుతో బిగించి కట్టకూడదు. బ్లేడుతో కొయ్యకూడదు. నోటితో పీల్చకూడదు. పసరు, మంత్రం అంటూ ఆగకూడదు. మనిషిని కదలనివ్వకూడదు. కరిచిన కాలో చెయ్యో విరిగితే ఎలా కడతామో అలా బద్ద కట్టి, పడుకోబెట్టి మోసుకెళ్లాలి. నడిస్తే కండరాలు ఆడతాయి, విషం తొందరగా పాకుతుంది.

వదినని చాప మీద పడుకోబెట్టి కుడికాలికి కట్టి చూశాం. రెండు వెదురు బద్దలు, మోకాలి పై నుంచి పాదం దాటేదాకా ఒకటి లోపలి వైపు, ఒకటి బయటి వైపు. మధ్యలో మడత పెట్టిన తుండు. చీల్చిన పాత పంచె ముక్కలతో నాలుగు చోట్ల ముడి, ముడి బద్ద మీద పడాలి, కాలి మీద కాదు. కట్టాక ముడి కింద వేలు దూరాలి. తమ్ముడు మొదటిసారి కట్టినప్పుడు నా వేలు దూరలేదు. వదిన కాలివేళ్లు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు ఎర్రబడటానికి ఆలస్యమైంది. విప్పి మళ్లీ కట్టాం. మూడోసారికి మూడున్నర నిమిషాల్లో కుదిరింది.

అంతకంటే ఎక్కువసేపు పట్టింది ఇంకోదానికి. కరిచిన చోట వాపు వస్తుంది. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు ముందే తీసేయకపోతే అవి వేలిని కోసేస్తాయి. "మెట్టెలు తియ్యి వదినా" అన్నాను. "పెళ్లైనప్పట్నుంచీ తీయలేదు, ఎలా వస్తాయి?" అంది. కొబ్బరినూనె రాసి, తిప్పి తిప్పి లాగితే ఆరు నిమిషాలకి ఒకటి వచ్చింది. ఏడ్చింది కూడా, నొప్పికో మనసుకో నేను అడగలేదు. సాయంత్రం తనే చెప్పింది, కొండకి వెళ్లే రోజు సులువుగా వచ్చే వదులు మెట్టెలు పెట్టుకుంటానని. అన్నయ్య ఆ మాట విని వెంటనే తన ఉంగరం తీసి అమ్మ చేతికిచ్చాడు.

కట్లపాము గురించి విడిగా రాస్తున్నాను. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అజీర్తి అనుకుని ఊరుకుంటే మనిషి పోతాడు. ఆరుబయట నేల మీద పడుకున్న మనిషికి పొద్దున రెప్పలు వాలుతున్నాయంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. ఆసుపత్రికి బయల్దేరాలి.

డిసెంబరు 4

రాత్రి అమ్మతో అక్షాంశ రేఖాంశాల పరీక్ష. నేను డాబా మీద, అమ్మ హాల్లో. ఫోన్‌లో నా చోటు చూపించే అంకెల్ని ఒక్కొక్కటిగా చదువుతాను, అమ్మ రాసుకుని మళ్లీ నాకు చదివి వినిపించాలి. మొదటిసారి దశాంశం తర్వాత రెండో అంకె, మూడు బదులు ఆరు రాసుకుంది. ఆ తేడా భూమ్మీద మూడు కిలోమీటర్ల పైనే. రాత్రిపూట కొండల్లో మూడు కిలోమీటర్లు! అమ్మ చాలా బాధపడింది. తప్పు అమ్మది కాదు, నేను గబగబా చదివాను. ఇప్పుడు పద్ధతి మార్చాం: ఒక అంకె నేను, అదే అంకె అమ్మ, తర్వాతే ఇంకో అంకె. చిన్నప్పుడు ఎక్కాలు అలాగే అప్పచెప్పించుకునేది.

ఫోన్ విషయాలు ఇంకో రెండు. సిగ్నల్ లేని చోట ఫోన్ దాన్ని వెతుకుతూ చార్జింగ్ తినేస్తుంది, కాబట్టి నడుస్తున్నంతసేపూ ఏరోప్లేన్ మోడ్. మన సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 112 కలుస్తుంది.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు ప్రింటు తీయించాను. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూరు గీతలు దగ్గరగా ఉన్న చోట కొండ నిటారు, దూరంగా ఉంటే తక్కువ వాలు. ఫిబ్రవరిలో మేం దిగిన వైపు గీతలు ఒకదాని మీద ఒకటి పడినట్టున్నాయి. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. మన ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది అదృష్టం.

డిసెంబరు 13, 14. తోటలో రాత్రి

కొండ మీద అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. ఫిరంగిపురం అవతల బాబాయి వాళ్ల నిమ్మతోట ఉంది, సాధనకి అదే.

కింద వరిగడ్డి పరుచుకుంటే మెత్తగా ఉంటుందని తమ్ముడు మోపు ఎత్తుకొచ్చాడు. బాబాయి దూరం నుంచే కేకేశాడు: "ఒరేయ్, గడ్డి వద్దురా! గడ్డిలోకి ఎలకలొస్తాయి, ఎలకల కోసం ఏమొస్తాయో తెలుసుగా?" మేం చదివిన పాఠాలన్నిటికంటే ఆ కేక బాగా పనిచేసింది. శుభ్రంగా ఊడ్చిన చోట బరకం, దాని మీద ఫోమ్ చాప, దోమతెర నాలుగంచులూ చాప కిందికి దోపాం. దోమతెర దోమలకే కాదు, కట్లపాముకి కూడా అడ్డే. బూట్లు కవర్లో కట్టి తెర లోపలే పెట్టుకున్నాం. తిండి మాత్రం దూరంగా, కొమ్మకి వేలాడదీశాం.

రెండింటికి చలికి మెలకువ వచ్చింది. పైన రగ్గుంది, చలంతా కింద నుంచి. నేల ఒంటి వేడిని పీల్చేస్తుందని అప్పుడు తెలిసింది. ఖాళీ బ్యాగు కాళ్ల కింద పెట్టుకుని తెల్లారేదాకా గడిపాను. రెండో చాప కొనాలి.

పొద్దున విజిల్ పరీక్ష. ఆల్ప్స్ పర్వతాల్లో ప్రమాద సంకేతం నిమిషంలో ఆరు ఈలలు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషానికి మూడు ఈలలతో బదులిస్తారు. అన్నయ్య తోట చివరికి పోయి అరిచాడు, వినపడలేదు. ఇరవై రూపాయల ప్లాస్టిక్ విజిల్ ఊదాడు, స్పష్టంగా వినపడింది. అరిస్తే పది నిమిషాల్లో గొంతు పోతుంది, ఈల ఊదడానికి ఊపిరి ఉంటే చాలు. నలుగురికీ నాలుగు విజిళ్లు, బ్యాగులో కాదు, మెడలో.

తేనెటీగల గురించి బాబాయి చెప్పింది: కొండ తేనెపట్టు ఉన్న చోట సెంటు పూసుకుని వెళ్లకూడదు, పొగ పెట్టకూడదు, రాయి వేయకూడదు. లేస్తే చేతులు ఊపకుండా, ముఖానికి తుండు చుట్టుకుని ఒకే దిక్కుకి పరిగెత్తాలి.

జనవరి 4, ఆదివారం. పూర్తి నడక

కాగితం మీద రాసింది: ఆరున్నరకి నడక మొదలు. ఒంటిగంటన్నరకి ఎక్కడున్నా వెనక్కి. అయిదున్నరకి ఫోన్. గడువు ఏడు.

మొదటి గంట నెమ్మదిగా సాగింది, మంచు పట్టిన గడ్డి జారుతోంది. పాత ద్వారం దగ్గర కాసేపు కూర్చున్నాం. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచిన కోట ఇది. అంతకు ముందు పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు తిరిగిన నేల. ఇక్కడికొస్తే నా నడక నెమ్మదిస్తుంది, ఆపుకోలేను. ఆ ఇరవై నిమిషాలు కూడా ముందే లెక్కలో వేసుకున్నాను.

దురదగొండి తీగ ఒకచోట దారికి అడ్డంగా వేలాడుతోంది, కాయలు ఎండి నూగు మెరుస్తోంది. ముందు నడుస్తున్న తమ్ముడు "ఆగండి" అని చెయ్యెత్తాడు. చుట్టు తిరిగి వెళ్లాం, పన్నెండు నిమిషాలు పోయాయి. ఆ తర్వాత వదిన మడమ మంటంది, అందరం ఆగాం. ప్లాస్టరు, పదినిమిషాలు.

ఒంటిగంట ఇరవైకి ఎదురుగా మేం చేరాలనుకున్న బురుజు కనపడింది. అరగంట నడక. ఎండ హాయిగా ఉంది, నీళ్లు ఏడు లీటర్లు ఉన్నాయి, ఎవరికీ అలసట లేదు. తమ్ముడు నా వైపు చూశాడు. "అక్కా, అరగంటే కదా?"

ఫిబ్రవరిలో ఇదే మాట నేనన్నాను. మ్యాపు తీసి లెక్కేశాను. పోయి రావడానికి గంట, అక్కడ కూర్చోకుండా ఉండలేం, ఇంకో అరగంట. మూడింటికి ఇదే చోటుకి వస్తాం. ఇక్కడి నుంచి కిందికి 1.7తో గుణిస్తే మూడు గంటలు. ఆరు. జనవరి మొదట్లో ఇక్కడ పొద్దు గుంకేది ఆరుకి కాస్త ముందే. గడువుకి గంట ముందే దిగిపోతాం, కాగితం ప్రకారం తప్పేమీ లేదు. కానీ దారిలో ఒక్క కాలు బెణికితే ఆ గంటా పోతుంది, అదీ చీకట్లో.

"ఒంటిగంటన్నర అని రాసిచ్చాం" అన్నాను. అన్నయ్య ఏమీ అనకుండా బ్యాగు తిప్పి భుజాన వేసుకున్నాడు. తమ్ముడు బురుజుని ఫోటో తీసుకుని వెనక్కి తిరిగాడు. వాడి ముఖం చూడలేకపోయాను. నాకూ కష్టంగానే ఉంది.

దిగేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూసుకున్నాం. పొద్దున ఎక్కేటప్పుడు కూడా అలాగే చూశాం కాబట్టి, ఏ రాయి ఏ పక్కన ఉండాలో తెలుసు. ఫిబ్రవరిలో తప్పిన మలుపు దొరికింది. నిజానికి అక్కడ రెండు బాటలు కలుస్తాయి. పైనుంచి దిగేవాళ్లకి తప్పు బాటే పెద్దగా కనిపిస్తుంది. ఆ చోటు అంకెలు రాసుకున్నాను.

నాలుగూ నలభైకి రోడ్డు. సిగ్నల్ ఒక గీత. అమ్మకి ఫోన్ చేశాను.

"దిగారా? అయిదున్నర కాలేదుగా ఇంకా" అంది. వెనక కుక్కరు విజిలేస్తోంది. "నేను టైమే చూసుకోలేదమ్మా. పక్కింటివాళ్లతో వత్తులు చేసుకుంటూ కూర్చున్నాను."

జనవరి 6

మిగిలిన పనులు: రెండో ఫోమ్ చాప. వదినకి ఒక సైజు పెద్ద బూట్లు, మందం సాక్సులు. గాయాలకి కట్టుకట్టే గాజుగుడ్డ అయిపోయింది, సాధనకే మూడు చుట్టలు వాడేశాం. పాత మందుల తేదీలు చూసి మార్చాలి. నల్లమల అనుమతి గురించి ఫారెస్టు ఆఫీసులో అడగాలి.

బురుజుకి ఈ నెలాఖరులో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి గంట ముందు మొదలుపెట్టి. కాగితం రాసి క్యాలెండరు పక్కన పెట్టి షాపుకి వెళ్లాను. రాత్రి వచ్చి చూస్తే కింద అమ్మ చేతిరాతతో రెండు లైన్లు కొత్తగా ఉన్నాయి. "నీళ్లు ఎన్ని లీటర్లు?" అని ఒకటి. దాని కింద, "ఈసారి కూడా బురుజు అందకపోతే మళ్లీ ఎప్పుడు వెళ్తారు? తేదీ ముందే రాయండి, మనకి ఒక పెళ్లి ఉంది."